ఎఱుగనివాని రూపాయి

మా పర్చూరులో ఇటీవల కొందఱు యువకులకు ఒక క్రొత్త వ్యసనము పట్టినది. బ్యాంకునకు పోయి, నోట్లిచ్చి, నూఱేసి నాణెములు గల ప్లాస్టిక్ సంచులను తెచ్చుకొందురు. ఇంటికి వచ్చి చాపమీద కుమ్మరించి ఒక్కొక్క దానిని త్రిప్పి చూతురు. సంవత్సరపు అంకె క్రింద నక్షత్రమున్నచో అది హైదరాబాదు టంకసాలది. చుక్క యున్నచో నోయిడాది. వజ్రపు గుర్తున్నచో బొంబాయిది. ఏ గుర్తును లేనిచో కలకత్తాది. అరుదైన వానిని ఏఱి యుంచుకొని, వాని స్థానమున తమ జేబులోని నాణెములను చేర్చి, చిల్లర కావలసిన దుకాణములవారికి లెక్క తప్పక ఇచ్చివేయుదురు. అమెరికాలో ఈ పని పెద్ద వినోదము. అచ్చట 1965వ సంవత్సరపు చట్టముతో పది సెంట్ల, ఇరువదియైదు సెంట్ల నాణెములనుండి వెండిని పూర్తిగ తీసివేసిరి. అర్ధడాలరులో నూటికి తొంబది పాళ్లున్న వెండిని నలువదికి తగ్గించిరి. అంతకు ముందటి నాణెములును అదే విలువకు నేటికిని చెల్లుచుండుటచేత, బ్యాంకు చుట్టలను విప్పి వెదకువారికి అప్పుడప్పుడు వెండి దొరకుచుండును.

ఇది తప్పా, కాదా యని నన్నడిగినవారు కలరు. కాలక్షేపమునకు చేయు పనిలో ధర్మాధర్మ విచారమేమిటని నవ్వినవారును కలరు. నవ్వినవారు తొందరపడిరని నా యభిప్రాయము. ఒకే వస్తువు ఇద్దఱి నడుమ నుండగా, ఒకరికి దాని విలువ తెలిసి రెండవవారికి తెలియనప్పుడు, తెలిసినవాడు నోరు మూసికొని యుండవచ్చునా? ప్రత్తి కొనువర్తకునకును, గుంటూరు యార్డులో నాటి మిరపధర తెలిసిన దళారికిని, వైద్యునకును, వకీలునకును, తుదకు మావంటి బడిపంతుళ్లకును ఈ ప్రశ్న తప్పదు. నాణెమునందు అది అరచేతిలో ఇమిడిపోవునంత చిన్నదై కనబడుచున్నది, అంతే భేదము.

మొదట రూపాయి సంగతి చెప్పవలెను. 1835లో ఈస్టిండియా కంపెనీవారు తమ యేలుబడిలోని ప్రాంతములన్నిటికి ఒకే రూపాయిని ఏర్పఱచిరి. తూకము 180 గ్రెయినులు. పండ్రెండు పాళ్లలో పదునొకండు పాళ్లు వెండి. నేటి లెక్కకు 11.66 గ్రాముల బరువు. అందు దాదాపు 10.7 గ్రాములు మేలిమి వెండి. తులమనగా ఇదే. కనుకనే మన యిండ్లలో 'రూపాయి యెత్తు' అనునది తూకపు మాట యైనది. షరాబు దానిని రాతిమీద మ్రోగించి, ధ్వనినిబట్టి మంచిచెడ్డలు నిర్ణయించెడివాడు. 1893 వఱకు ఎవరైనను వెండి తీసికొనిపోయి టంకసాలలో రూపాయలు కొట్టించుకొనవచ్చును. ఆ యేట ఆ వాకిలి మూసివేసిరి. అప్పటినుండి రూపాయి తనలోని వెండికంటె హెచ్చు విలువ గలదై, లోహముమీద కొంతయు ప్రభుత్వపు మాటమీద కొంతయు నిలిచినది.

మొదటి మహాయుద్ధకాలమున ఈ సంబంధము తలక్రిందయ్యెను. వెండి ధర పెరిగి, రూపాయిని చలామణి చేయుటకంటె కరిగించుటయే లాభమను స్థితి వచ్చెను. 1917లో నాణెములను కరిగించుట నిషేధించిరి. ఆ నవంబరులోనే మొట్టమొదటి రూపాయి నోటు వెలువడినది. 1918లో అమెరికావారు పిట్‌మన్ చట్టము చేసి, తమ ఖజానాలోని డాలరులను కరిగించి, దాదాపు ఇరువది కోట్ల ఔన్సుల వెండిని మన దేశపు రూపాయల కొఱకు అమ్మవలసివచ్చెను. ఒక దేశపు నాణెములు కరిగి మఱియొక దేశపు నాణెములైన ఆ కథ తలచుకొన్నపుడెల్ల నాకు వింతగనే యుండును. రెండవ యుద్ధము వచ్చినప్పుడు, 1940లో, రూపాయిలోని వెండిని సగమునకు దింపిరి. పిదప విక్టోరియా రూపాయలు 1941లోను, ఏడవ ఎడ్వర్డు రూపాయలు 1942లోను, ఐదవ, ఆఱవ జార్జిల మేలి వెండి రూపాయలు 1943లోను చెల్లుబాటును కోలుపోయినవి. 1947లో నికెలు రూపాయి వచ్చినది. వెండికిని వాడుక నాణెమునకును సంబంధము తీఱినది.

కావున మన బ్యాంకు సంచులలో వెండి దొరకదు. వెండి యున్నచోటు వేఱు. అది ముసలమ్మల పెట్టెల అడుగున, పాత చీర చెఱగుతో కట్టిన మూటలలో, దేవుని గూటిలో కుంకుమ అంటుకొని యున్నది. ఖజానాకు మరల్చుమని ప్రభుత్వము గడువు పెట్టినను వారేల మరల్చలేదని కొందఱు అడుగుదురు. ఆ రూపాయలు పెండ్లినాడు తల్లి ఒడిలో పోసినవి. కాన్పునాడు మేనమామ చేతిలో పెట్టినవి. తండ్రి పొలములో తనకు పాలు లేని కాలమున, భర్త పోయినచో మఱిది దయమీద బ్రతుకవలసిన కాలమున, ఆడుదానికి 'ఇది నాది' యని చెప్పుకొనుటకు మిగిలిన సొమ్ము అంతియే. హిందూ వారసత్వ చట్టము 1956లో వచ్చినది; ఉమ్మడి యాస్తిలో కొమార్తెకు కొడుకుతో సమానమైన భాగమును మన రాష్ట్రమిచ్చినది 1986లో. అంతవఱకు ఆ మూటయే ఆమె పొలము, ఆమె బ్యాంకు. ప్రభుత్వపు గడువుకంటె ఆమె భయము పెద్దది.

ఇక విచారమునకు వత్తము. బ్యాంకునుండి తెచ్చిన సంచిలో ఒకడు అరుదైన నాణెమును కనిపెట్టి యుంచుకొన్నాడు. ఎవరికి నష్టము? బ్యాంకు ఆ నాణెమును నాణెముగానే ఇచ్చినది, లెక్కపెట్టి యిచ్చినది, లెక్క సరిపోయినది. దానిని ముద్రించిన ప్రభుత్వము దానిమీద వ్రాసిన విలువకు మించి దానినుండి ఏమియు కోరలేదు. బ్యాంకువారు తలచినచో వారును ఏఱుకొనవచ్చును. ఆ శ్రమ తమకు తగదని వదలుకొనిరి. ఇచ్చట తెలియమి లేదు, అక్కఱలేమి యున్నది. ఈ రెంటికి చాల దూరము. ఆ యువకులను నేను దోషులనను. రాత్రి పదునొకండు గంటలవఱకు కన్నులు చెడగొట్టుకొనుట మంచిదా యన్నచో అది వేఱు సంగతి. వారి తల్లులు ఆ మాట చెప్పుచునే యున్నారు.

అదే నాణెము బ్యాంకు గుమాస్తా చేతిలో పడినదనుకొందము. లేక దేవాలయమున హుండీ లెక్కించువారి యెదుట ఒక రాణి రూపాయి రాలినదనుకొందము. అతడు దానిని తీసి తన జేబులోని రూపాయి నచ్చట వేసెను. లెక్క అణువంతయు తప్పలేదు. కాగితము చూచిన పరీక్షాధికారికి దోషము కనబడదు. అయినను అది దొంగతనమే. ఏలననగా అతని కన్ను అప్పుడు అతని సొంతము కాదు; దేవస్థానము దానిని జీతమునకో, భక్తికో తీసికొని యున్నది. ఆ కంటితో చూచినదెల్ల దేవస్థానము చూచినట్లే. భక్తుడు వేసినది రూపాయి మాత్రమే కాదు. తన యింట తరములుగ నున్న వెండిని తెచ్చి వేసినాడు. లెక్కలు సరిపోవుటయే ధర్మమనుకొనువారికి ఈ యుదాహరణము చాలును.

అన్నిటికంటె కష్టమైనది మూడవది. మా ప్రాంతపు గ్రామములలో 'పాత వెండి కొందుము, పాత నాణెములు కొందుము' అని తిరుగువారు కలరు. ఒక యింట ఒక వితంతువు పండ్రెండు విక్టోరియా రూపాయలను తెచ్చి అరుగుమీద పెట్టినది. మనుమని కళాశాల రుసుమునకు గడువు దగ్గఱపడినది. కొనవచ్చినవాడు వానిని చూచి పెదవి విఱిచి, 'ఇవి చెల్లని డబ్బులు పెద్దమ్మా, సర్కారు ఎప్పుడో రద్దుచేసినది. ఏదో నీ ముఖము చూచి తీసికొందును' అని, వెండి ధరలో పదవవంతైన కాని మొత్తము చెప్పెను. వాడు అబద్ధమాడెనా? ఆడలేదు. 1941లో అవి చెల్లకపోయిన మాట నిజము. సర్కారు రద్దుచేసిన మాట నిజము. వాని వాక్యములలో దేనిని పట్టుకొన్నను న్యాయస్థానమున నిలుచును. అన్ని సత్యములును కలిసి ఒక అసత్యమును ఆమె మనస్సులో నిర్మించినవి. కురుక్షేత్రమున ధర్మరాజు పలికినదియు ఇట్టి సత్యమే. ఏనుగు చచ్చినమాట నిజము, దాని పేరును నిజము. కాని ఆ పలుకుతో అంతవఱకు నేలకు నాలుగంగుళములు పైన నడచుచున్న రథము నేలకు దిగినదని వ్యాసుడు చెప్పినాడు. వ్యాసునికి వాక్యముతో పని లేదు. వినినవాడు ఏమనుకొనెను, అట్లనుకొనవలెనని పలికినవాడు కోరెనా కాదా యనునదే పని.

చట్టము ఈ విషయమున మనకు కొంతదూరమే తోడువచ్చును. 1872వ సంవత్సరపు కాంట్రాక్టుల చట్టములోని 17వ విభాగము, చెప్పవలసిన బాధ్యత లేనిచోట ఊరకుండుట మోసము కాదనుచున్నది. ఇద్దఱు వర్తకులలో ఒకనికి ధరల మార్పు ముందుగ తెలిసినను రెండవవానికి చెప్పనక్కఱలేదని ఉదాహరణము కూడ ఇచ్చినది. వస్తువు విలువను గూర్చిన పొరపాటు అభిప్రాయము ఒప్పందమును చెఱుపదని 20వ విభాగమునకు వివరణ. 1817లో అమెరికా అత్యున్నత న్యాయస్థానమును ఇట్లే పలికినది. సంధి కుదిరినదన్న వార్త తెలిసిన యొక వర్తకుడు, అది తెలియని వారివద్ద పొగాకు కొనిన వ్యాజ్యమది. తనకు తెలిసినది చెప్పి తీరవలెనను నిర్బంధము అతనికి లేదనిరి. పొగాకు పండించు మా జిల్లావారికి ఈ తీర్పు బోధపఱచుట కష్టము కాదు. చట్టము మనుష్యుల నందఱిని సమానులైన వర్తకులుగ భావించి మాటలాడుచున్నది. ఇద్దఱు వర్తకులలో ఒకడు నేడు ఓడి ఱేపు గెలుచును. ఇద్దఱికిని బజారు తెఱచియే యున్నది. అరుగుమీద కూర్చున్న ముసలమ్మకు ఏ బజారు తెఱచి యున్నది?

రోమక దేశీయుడైన సిసెరో క్రీస్తుపూర్వము 44లో తన కుమారునకై వ్రాసిన ధర్మగ్రంథమున ఈ వివాదమునే యెత్తుకొనెను. రోడ్సు ద్వీపమున కఱవు. అలెగ్జాండ్రియానుండి ధాన్యపు ఓడతో ముందుగ చేరిన వర్తకునకు, వెనుక మఱికొన్ని ఓడలు వచ్చుచున్నవని తెలియును. చెప్పవలెనా, మానవలెనా? చెప్పనక్కఱలేదని డయోజినీసు, చెప్పియే తీరవలెనని అతని శిష్యుడు ఆంటిపేటరు. సిసెరో శిష్యుని పక్షము వహించెను. అదే గ్రంథమున మఱియొకచోట, ఒకడు బంగారమును ఇత్తడియనుకొని అమ్మజూపినచో సత్పురుషుడు అది బంగారమని చెప్పునా, లేక వేయి నాణెముల వస్తువును ఒక నాణెమునకు కొనునా యని యడిగినాడు. రెండు వేల యేండ్లు గడచినను ఆ ప్రశ్న మా వీధిలో అరుగుమీదనే యున్నది.

ఇందుకు ప్రతివాదము లేకపోలేదు. దానిని తేలికగ త్రోసివేయరాదు. 'నేను సంవత్సరములు శ్రమపడి నాణెముల సంగతి నేర్చితిని. పుస్తకములు కొంటిని. ఊళ్లు తిరిగితిని. నా విద్యకు ఫలము వద్దా? చెప్పివేసినచో ఆమె నాకు అమ్మనే అమ్మదు' అని ఒక యువకుడు నాతో వాదించెను. అతడు చెడ్డవాడు కాడు. అతని వాదము పాతది. దాని మూలము మన స్మృతులలోనే యున్నది. భూమిలో నిధి దొరకినపుడు ఎవరికి చెందవలెనని యాజ్ఞవల్క్యుడు విధించినాడు. విద్వాంసుడైన బ్రాహ్మణునికి దొరకినచో అంతయు అతనిదే, అతడు సర్వమునకును ప్రభువు గనుక నట. ఇతరునికి దొరకినచో ఆఱవపాలు మాత్రమే వానికి దక్కి తక్కినది రాజునకు పోవునని మితాక్షరాకారుడు వివరించెను. చదువుకొన్నవానికి సర్వస్వము, చదువనివానికి ఆఱవపాలు! కులము పేరు తీసివేసి చూచినచో నేటి నాణెముల జ్ఞాని కోరునదియు ఈ హక్కే. 'నాకు తెలిసినది గనుక అంతయు నాది.' మనము ఆ శ్లోకములను తప్పుపట్టి, ఆ హక్కును మాత్రము క్రొత్త విద్యలపేర మరల పుచ్చుకొనుట న్యాయము కాదు.

1878వ సంవత్సరపు నిధుల చట్టము ఇంతకంటె మేలు. పది రూపాయలకు మించిన నిధి దొరకినవాడు కలెక్టరునకు తెలుపవలెను. సొంతదారుడెవడును తేలనప్పుడు, కనుగొనినవానికి ముప్పాతిక, నేల గలవానికి పాతిక. ఆ నేలవానికి తన కాళ్లక్రింద నిధి యున్నట్లు తెలియనే తెలియదు. వాడు పలుగు పట్టలేదు, చెమటోడ్చలేదు. అయినను తెలియనివానికి పాలు కలదని ఆ చట్టము ఒప్పుకొన్నది. కనుగొనినవాని శ్రమను మఱువనులేదు. వానికే పెద్ద పాలిచ్చినది. శ్రమకు కూలి కావలెను, సందేహము లేదు. ఎదుటివాని తెలియమికి వెల కట్టి దానిని తన కూలి యనరాదు. మా వృత్తిలో ఈ భేదము స్పష్టముగ తెలియును. పిల్లవానికి తెలియనిది తెలిపినందుకు మాకు జీతము. వాడు తెలియనివాడుగనే యుండుటవలన మాకు లాభము కలుగు ఏర్పాటు ఏదైన ఉన్నచో, ఆ బడిని నాడే మూసివేయవలెను.

వెండి దాచుకొనుటలో ఇంకొక దోషము కలదు. అది ఒకరికి గాక ఊరందఱికిని తగులును. 1940 జూనులో ఫ్రాన్సు ఓడిపోయినదన్న వార్త రాగానే మన దేశమున జనులు నోట్లు పట్టుకొని రూపాయల కొఱకు ఎగబడిరి. సొంత ఖర్చునకును వ్యాపారమునకును కావలసినదానికంటె హెచ్చుగ నాణెములు కూడబెట్టుట నేరమని ప్రభుత్వము శాసించినది; రూపాయి నోటును మరల ముద్రించినది. రెండు మూడేండ్లకే చిల్లరకు కూడ కఱవు వచ్చినది. నడుమ రంధ్రము గల కాణి 1943లో పుట్టినది లోహము పొదుపునకే. మన పెద్దలు దానిని 'చిల్లు కాణి' యని తిట్టుమాటగ మార్చుకొనిరి. మంచి నాణెము దాచిన ధనవంతుడు తెలివిగలవాడే. కాని ప్రత్తి తీసి, మిరపకాయలు కోసి సాయంకాలము కూలికి చేయి చాచిన మనిషికి చిల్లర లేదని ఱేపటికి వాయిదా వేసిననాడు, ఆ తెలివికి పన్ను కట్టినది ఆ చేయి. చెడ్డ నాణెము మంచి నాణెమును తఱిమివేయునని అర్థశాస్త్రజ్ఞులు సూత్రము చెప్పుదురు. నాణెమునకు కాళ్లు లేవు. దానిని బజారునుండి తీసికొనిపోవునది ఒక చేయి.

ఇందు మోసపోవునది ఎల్లప్పుడు తెలియనివాడే యనుకొనినను, మోసగించునది ఎల్లప్పుడు కొనువాడే యనుకొనరాదు. ఈస్టిండియా కంపెనీ పేరును, 1818 అను సంవత్సరమును, ఒకవైపు సీతారామ పట్టాభిషేకమును గల రాగి బిళ్లలు మన సంతలలో తఱచు కనబడును. కంపెనీవారు అట్టి నాణెములను ఎన్నడును వేయలేదు. వానికి బియ్యపు గింజలను లాగు శక్తి గలదని చెప్పి లక్షలు గుంజినవారు మన రాష్ట్రములలో పట్టుబడుచునే యున్నారు. పాత అయిదు రూపాయల బిళ్లకు లక్షలిత్తుమని, ముందుగ రుసుము పంపుమని, రిజర్వు బ్యాంకు పేరుతోనే ప్రకటనలు వెలువడగా, 2021లో ఆ బ్యాంకు తనకు అట్టి వ్యవహారములతో సంబంధము లేదని హెచ్చరింపవలసివచ్చినది. అచ్చట పల్లెవాని యాశ, ఇచ్చట ముసలమ్మ యవసరము. రెంటికిని ఎర ఒకటే. వెండికి వెలకట్టు విద్య ఆమెకు రాకపోవుట ఆమె జడత్వము కాదు. బడికి పోవలసిన యీడున ఆమె మిరపతోటలో నుండెను, లేక చంటిపిల్లను ఎత్తుకొని యుండెను. నాడు మనము నేర్పలేదు. నేడు ఆ నేర్పనిదానిమీద లాభము తీయుచున్నాము.

వాదించిన యువకునితో నేనన్నది ఇంతే: నీవు కొనువాడవు కావుగదా యనుకొని ముందుగ తూచి చెప్పుము. ఇంత బరువు, ఇందు ఇంత వెండి, నేటి ధర ఇది. తరువాత నీ లాభ మెంతయో అదియు పైకి చెప్పి బేరమాడుము. వకీలు రుసుము చెప్పును, వైద్యుడు రుసుము చెప్పును, వారిని మనము నిందింపము. వారణాసిలో సరకులమ్ముకొను తులాధారునివద్దకు జాజలి యను తపస్వి ధర్మము నేర్చుకొన పోయినాడని శాంతిపర్వమున నున్నది. అతడు వ్యాపారము మానలేదు, లాభమును మానలేదు. త్రాసు అందఱికి ఒకే తీరుగ నిలిపినాడు. అడవిలో నిలుచున్నవానికంటె అంగడిలో కూర్చున్నవానికి ధర్మము కష్టము గనుకనే ఆ కథ వ్రాయబడినదని నా యూహ.

ఆ వితంతువు రూపాయల సంగతి అడుగువారుందురు. ఆ బేరము తెగకముందే ఇంటర్మీడియేటు చదువుచున్న మనుమరాలు ఇంటికి వచ్చినది. ఒక రూపాయిని పచారికొట్టు త్రాసులో పెట్టించినది. పదునొకండు గ్రాములకు పైగా తూగినది. వెండి ధర ఎంతయో ఫోనులో చూచి, పలకమీద గుణించి నాయనమ్మకు చదివి వినిపించినది. కొనవచ్చినవాడు సంచి భుజాన వేసికొని లేచెను. మఱునాడు చీరాలలో తొమ్మిదింటిని వెండి ధరకు అమ్మిరి. మూడింటిని ఆమె అమ్మనీయలేదు.

ఇక మా యువకుడు. అతడిప్పుడు ఒక చిన్న త్రాసు కొనుక్కొన్నాడు. తూచి, నాటి వెండి ధరను కాగితముమీద పెద్ద అక్షరములతో వ్రాసి అమ్మువారి చేతికిచ్చి, తనకు నూటికి పదిపాళ్లు కావలెనని చెప్పుచున్నాడు. ఈ పద్ధతి మొదలుపెట్టిన తరువాత అతనికి నాణెములు దొరకుట తగ్గినది. ధర తెలిసినవెనుక అమ్మక దాచుకొనువారే యెక్కువట. అది అతనికి నష్టమే; నేను కాదనను.